‘గర్ల్’ కథలో అమ్మకి ప్రేమ ఉందా అని అడిగారు కదా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఎంఏ ఇంగ్లీషు ప్రాజెక్టుకి కరీబియన్ కథల్లో తల్లీకూతుళ్ల సంబంధం అనే అంశం తీసుకున్నారు. ఆంటిగ్వా ద్వీపంలో పుట్టిన జమైకా కిన్‌కెయిడ్ రాసిన ‘గర్ల్’ చదివారు, మనసు చివుక్కుమంది. కన్నకూతుర్ని పట్టుకుని ఏ తల్లయినా తిరుగుబోతు అంటుందా, అసలు ఈమెకి ప్రేమ ఉందా లేదా, మిగతా కథల్లోనూ అమ్మలు ఇలాగే ఉంటారా అని మీ సందేహం. పైగా గైడ్ వలసపాలన కోణం రాయమంటున్నారు, ఈ రెండు పేజీల్లో అది ఎక్కడుందో మీకు కనబడటం లేదు.

ఈ కథని నేను ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ, పీజీ పిల్లలకి చెప్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్నే అడిగేవారు, క్లాసు రెండు జట్లయ్యేది. అమ్మ రాక్షసి అని ఒక జట్టు, పైకి అలా ఉన్నా లోపలంతా ప్రేమే అని ఇంకో జట్టు. నాకు రెండూ తొందరపాటు తీర్పులుగానే అనిపిస్తాయి. మొదటిది కథని అవమానిస్తుంది, రెండోది కూతురికి తగిలిన దెబ్బని మాయం చేస్తుంది. ప్రేమ ఉందా లేదా అన్నది కాసేపు పక్కన పెట్టి, ఈ కథలో ఎవరు మాట్లాడుతున్నారు, మాట్లాడే చోటు ఎవరికి దొరకలేదు అని చూడండి. కరీబియన్ రచయిత్రుల కథలు ఏవి తీసుకున్నా తల్లీకూతుళ్ల మధ్య అసలు పేచీ అక్కడే కనిపిస్తుందని నా అనుభవం. మీ ప్రాజెక్టుకి వెన్నెముక కూడా అదే కావచ్చు.

ముందు ‘గర్ల్’ సంగతి. 1978 జూన్‌లో న్యూయార్కర్ పత్రికలో వచ్చింది, తర్వాత 1983లో ఆమె మొదటి పుస్తకంలో చేరింది. కథంతా ఒకే ఒక్క వాక్యం. ఒక్క ఫుల్‌స్టాప్ కూడా లేకుండా సెమీకోలన్ల మీద నడుస్తుంది. తల్లి చెబుతూనే ఉంటుంది: తెల్లబట్టలు సోమవారం ఉతుకు, రంగుబట్టలు మంగళవారం ఉతుకు, ఎండలో నెత్తిమీద ఏమీ లేకుండా నడవకు, ముట్టుగుడ్డలు విప్పిన వెంటనే నానబెట్టు, జాకెట్టుకి బట్ట కొనేటప్పుడు గంజి పెట్టిన బట్ట కొనకు, ఒక్క ఉతుకుతో తేలిపోతుంది, ఉప్పుచేప వండేముందు రాత్రంతా నానేయి. ఆ ధార మధ్యలో కూతురు రెండే రెండుసార్లు నోరు తెరుస్తుంది. వాక్యం ఎక్కడా ఆగదు కాబట్టి ఆ పిల్లకి దూరడానికి సందు లేదు. అందుకే మొదటిసారి ఆమె ఇచ్చే జవాబు కూడా ఆలస్యంగా వస్తుంది. ఆదివారం బడిలో బెన్నా పాటలు పాడుతున్నావట కదా అని తల్లి అడిగేసి ఇంకో నాలుగు విషయాలకి వెళ్లిపోయాక, లేదమ్మా నేను పాడటం లేదు అని ఈ పిల్ల అంటుంది. తల్లి వినిపించుకున్న జాడ లేదు, బొత్తాం ఎలా కుట్టాలో చెప్పడం మొదలెడుతుంది. క్లాసులో ఈ ముక్క గట్టిగా చదివిస్తే పిల్లలు నవ్వేవాళ్లు, ఎందుకంటే ప్రతి ఒక్కరికీ ఇంట్లో జరిగిందే. నవ్వు ఆగాక కొందరి ముఖాలు మారిపోయేవి.

బెన్నా అంటే ఏమిటో తెలిస్తే మీ గైడ్ అడిగిన వలసపాలన అక్కడే దొరుకుతుంది. ఆంటిగ్వా జనం పాడుకునే జానపదం అది, ఊళ్లో ఎవరి గుట్టు ఏమిటో పాటకట్టి పాడే రకం, కొంచెం బూతు కూడా కలుస్తుంది. ఆదివారం బడి చర్చిది, ఇంగ్లీషువాళ్లు నేర్పిన మర్యాదది. అంటే తల్లి భయం పాట గురించి కాదు, తమ పాట వాళ్ల గడపలోకి వెళ్తే పిల్ల పరువు ఏమవుతుందన్నది. ఆంటిగ్వా 1632 నుంచి ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉంది, చెరకు తోటల ద్వీపం, ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషులతో సాగించిన వ్యవసాయం. 1834 ఆగస్టు 1న బానిసత్వం పోయింది కానీ పాలన పోలేదు. కథ అచ్చయ్యేనాటికి కూడా ఆ ద్వీపానికి పూర్తి స్వాతంత్ర్యం రాలేదు, 1981 నవంబరులో వచ్చింది. బానిసత్వంలో ఒక చట్టం ఉండేది, తల్లి ఎవరి సొత్తయితే పుట్టిన బిడ్డ కూడా వాళ్ల సొత్తే. కన్నబిడ్డ మీద తల్లికి హక్కు లేని కాలం ఎన్నో తరాలు నడిచింది. ఆ తర్వాతి తరాల తల్లి, నా బిడ్డని ఎవరూ వేలెత్తి చూపకూడదు అని పళ్లు బిగించి చెప్పే మాటని, కేవలం ఒక కోపిష్టి ఆడమనిషి సణుగుడుగా చదవకూడదు. అయితే ఆ చరిత్ర తెలిసినంత మాత్రాన ‘తిరుగుబోతుది కావాలని ఉబలాటపడుతున్నావు’ అన్న మాట ఆ పిల్లకి తక్కువ నొప్పి పెట్టదు. రెండూ ఒకే చేత్తో పట్టుకుని చదవాలి.

తల్లి ఏమేం నేర్పుతోందో ఒక కాగితం మీద రాసుకోండి, ఈ పని మీతో తప్పకుండా చేయించాలని ఉంది నాకు. టీకి బల్ల ఎలా సర్దాలి, రాత్రి భోజనానికి ఎలా సర్దాలి, గొప్ప అతిథి వస్తే ఎలా సర్దాలి, ఇదంతా దొరగారింటి చదువు. దాని పక్కనే అరటాకులో చుట్టి ఉడికించే డుకునా ఎలా చేయాలి, జలుబుకి మందు ఎలా కాయాలి, కడుపులో పిండం బిడ్డ కాకముందే పోయే మందు ఎలా చేయాలి, ఇదంతా తోటల్లో బతికిన ఆడవాళ్లు ఒకరి నుంచి ఒకరు గుట్టుగా దాచుకొచ్చిన చదువు. తిరుగుబోతు అవుతావేమో అని తిట్టిన నోటితోనే, అలా జరిగితే బయటపడే దారి కూడా చెబుతోంది! ఈ వైరుధ్యం చూడకుండా ‘తల్లి పితృస్వామ్యానికి ఏజెంటు’ అని ఒక్క ముక్కలో రాసేసిన ప్రాజెక్టులు చాలా దిద్దాను, దిద్దిన ప్రతిసారీ బాధపడ్డాను. డషీన్ పెంచేటప్పుడు నీళ్లు బాగా పొయ్యి, లేకపోతే తిన్నప్పుడు గొంతు దురద పెడుతుంది అంటుంది చూడండి, డషీన్ అంటే మన చేమదుంపే. బెండచెట్టు ఇంటికి దూరంగా వెయ్యి, ఎర్రచీమలు పడతాయి అంటుంది. ఈ మాటల్లో తిట్టు లేదు, చేతిపని తెలిసిన మనిషి ఉంది. నాకు ఆ తల్లి మీద గౌరవం కలిగేది ఇక్కడే.

ఇంకో సంగతి మన పిల్లలకి చెబితే తప్ప తట్టేది కాదు. ఈ కథ చదవగానే మనవాళ్లంతా ‘అచ్చం మా అమ్మే’ అంటారు. కథలోకి అడుగు పెట్టడానికి ఆ పోలిక పనికొస్తుంది. కానీ అక్కడే ఆగిపోతే ఒక పెద్ద తేడా జారిపోతుంది. మన దగ్గర అమ్మ ఇలాంటి పాఠం ఎత్తుకుంటే నాలుగో మాటకల్లా అత్తారిల్లు వస్తుంది, రేపు అక్కడ మా పరువు తీస్తావా అని. ‘గర్ల్’ మొత్తం వెతకండి, అత్తగారు లేదు, అత్తారిల్లు లేదు, పెళ్లి అన్న మాటే లేదు. మగాణ్ణి ఎలా ప్రేమించాలో ఉంది, అది కుదరకపోతే వేరే దారులున్నాయని ఉంది, అవీ కుదరకపోతే వదిలేసినందుకు మరీ బాధపడకు అని కూడా ఉంది. ఏ తెలుగు తల్లి నోటా ఈ ఆఖరి మాట నేను వినలేదు. ఎందుకిలా అంటే, కరీబియన్ ద్వీపాల్లో పేద కుటుంబాల్లో ఇల్లు నడిపేది చాలాచోట్ల తల్లే, మగవాడు ఉండొచ్చు, పోవచ్చు, పెళ్లి ఎప్పుడో నడివయసులో జరగొచ్చు, అసలు జరగకపోవచ్చు. జమైకా కుటుంబాల మీద ఈడిత్ క్లార్క్ 1957లో వేసిన అధ్యయనం పేరే ‘మై మదర్ హూ ఫాదర్డ్ మీ’, నాకు తండ్రి కూడా అయిన నా తల్లి అని. ఆ మాట బార్బడోస్ రచయిత జార్జ్ లామింగ్ 1953 నవలలోంచి తీసుకున్నారు. కాబట్టి ‘గర్ల్’లో తల్లి కూతుర్ని ఎవరింటికో పంపడానికి తయారు చేయడం లేదు, ఒంటరిగా నిలబడటానికి తయారు చేస్తోంది. కఠినత్వం ఒకేలా వినబడొచ్చు గానీ దాని వెనకున్న లెక్క వేరు.

చివర్లో కూతురి రెండో మాట వస్తుంది. రొట్టె తాజాగా ఉందో లేదో నొక్కి చూడు అని తల్లి అంటే, దుకాణంవాడు ముట్టుకోనివ్వకపోతే అని పిల్ల అడుగుతుంది. ఇంత చెప్పాక కూడా రొట్టె ముట్టుకోనివ్వని రకం ఆడదానివే అవుతావా నువ్వు అని తల్లి ఎదురు ప్రశ్న వేస్తుంది, కథ అయిపోతుంది. చాలామంది దీన్ని తల్లి చేసిన చివరి అవమానంగా చదువుతారు. నేను ఇంకోలా చదువుతాను. తల్లి చెప్పిన సూత్రాలన్నీ, నువ్వు సరిగ్గా ఉంటే లోకం నిన్ను సరిగ్గా చూస్తుంది అన్న నమ్మకం మీద నిలబడ్డాయి. పిల్ల అడిగింది, నేను అన్నీ సరిగ్గా చేసినా లోకం కాదంటే అప్పుడేం చేయాలి అని. తల్లి దగ్గర దానికి జవాబు లేదు, జవాబు లేనప్పుడు పెద్దవాళ్లు పిల్లల్నే తప్పు పడతారు. కథలో నన్ను అన్నిటికంటే కదిలించే చోటు ఇదే.

‘గర్ల్’ తర్వాత కిన్‌కెయిడ్‌దే ‘ఆనీ జాన్’ (1985) చదవండి. నవల అంటారు గానీ అధ్యాయాలు ముందు విడివిడి కథలుగా న్యూయార్కర్‌లో వచ్చినవే, మీరు కథలుగానే తీసుకోవచ్చు. ‘ద సర్క్లింగ్ హ్యాండ్’ అనే అధ్యాయంలో తల్లీకూతుళ్లు మూలికలు వేసిన నీళ్లలో కలిసి స్నానం చేస్తారు, ఒకే తానులో బట్ట తీసుకుని ఇద్దరూ గౌన్లు కుట్టించుకుంటారు, తల్లి తన పెట్టె తీసి కూతురి చిన్నప్పటి వస్తువులు ఒక్కొక్కటీ చూపిస్తూ కథలు చెబుతుంది. స్వర్గంలా ఉంటుంది. ఒకరోజు బట్టల కొట్లో పిల్ల ఒక రంగు బట్ట చూపించి ఇది తీసుకుందాం అంటే, నువ్వు పెద్దదానివవుతున్నావు, ఇక నా బుల్లి నకలులా తిరగడం కుదరదు అంటుంది తల్లి. అంతే. పన్నెండేళ్ల పిల్లకి కాళ్ల కింద నేల పోతుంది. ఈ కథలో తిట్టు లేదు, కొట్టడం లేదు, ఒక్క బట్టముక్క దగ్గర విడిపోవడం ఉంది. అమ్మ కఠినంగా ఉంటేనే బాధ అనుకునేవాళ్లకి ఈ అధ్యాయం చదివించాలి, ఎందుకంటే ఇక్కడ బాధ అంతా అంతకుముందున్న సుఖం వల్లే.

అదే పుస్తకంలో సీమపనస సంగతి ఒకటి ఉంది. ఆ పిల్లకి సీమపనస అంటే అసహ్యం. తల్లి దాన్ని మెత్తగా అన్నంలా చేసి, ఇది బెల్జియం నుంచి వచ్చిన కొత్తరకం బియ్యం అని చెప్పి పెడుతుంది. తిన్నాక పిల్ల అనుమానపడి అడిగితే తల్లి పళ్లన్నీ కనబడేలా నవ్వుతుంది, ఆ నవ్వులో అమ్మ మొసలిలా మారిపోయినట్టు అనిపిస్తుంది పిల్లకి. మామూలు ఇంటి సంఘటన, మనం కూడా పిల్లలకి కాకరకాయ ఇలాగే ఏదో చెప్పి పెడతాం. కానీ సీమపనస ఆ ద్వీపాలది కాదు, 1793లో కెప్టెన్ బ్లై తాహితి నుంచి మొక్కలు ఓడలో తెచ్చి దించాడు, బానిసలకి చౌకగా కడుపు నింపడానికి. ఆ అధ్యాయం పేరు ‘కొలంబస్ ఇన్ చెయిన్స్’. బడి పుస్తకంలో సంకెళ్లతో ఉన్న కొలంబస్ బొమ్మ కింద పిల్ల ఒక ఎగతాళి మాట రాసి శిక్ష తింటుంది, ఆ మాట ఆమెకి ఎక్కడిది అంటే, కాళ్లు పనిచేయక లేవలేని తన తండ్రి గురించి తల్లి అన్న మాటే. చూడండి, తల్లి తన తండ్రి మీద తిరగబడ్డ మాటని కూతురు కొలంబస్ మీద వాడింది. తిరగబడటం కూడా తల్లి దగ్గరే నేర్చుకుంది! అదే రోజు ఇంటికొస్తే బల్ల మీద సీమపనస. మీ గైడ్‌కి వలసపాలన కావాలంటే ఈ రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి నాలుగు పేజీలు రాయండి, పెద్ద సిద్ధాంతాల పేర్లు ఎక్కువ వాడకుండానే విషయం నిలబడుతుంది.

ఒక జాగ్రత్త. కిన్‌కెయిడ్ జీవితం తెలిశాక కథల్ని ఆత్మకథగా చదివేయాలని చేయి లాగుతుంది. 1949లో పుట్టింది, అసలు పేరు ఎలేన్ పాటర్ రిచర్డ్‌సన్, తొమ్మిదేళ్లదాకా ఒక్కతే కూతురు, ఆ తర్వాత ముగ్గురు తమ్ముళ్లు పుట్టారు, పదహారు పదిహేడేళ్ల వయసులో న్యూయార్క్ దగ్గర ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి పంపించారు. తమ్ముణ్ణి చూసుకోకుండా పుస్తకం చదువుతూ కూర్చుందని తల్లి తన పుస్తకాలన్నీ పోగేసి కాల్చేసిందని ఆమె తర్వాత రాసుకుంది. ఆ మంట గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అయినా ‘గర్ల్’లో ఆ తల్లికి పేరు పెట్టలేదు, కూతురికీ పెట్టలేదు. పేరు లేకపోవడం వల్లే అది ఒక ద్వీపం తల్లులందరి గొంతుగా వినిపిస్తుంది, దాన్ని మళ్లీ ఒక్క మనిషికి కుదించకండి.

ఇప్పుడు జమైకాకి రండి. ఒలివ్ సీనియర్ 1941లో ట్రెలానీ ప్రాంతంలో పుట్టింది, ఆమె మొదటి కథల పుస్తకం ‘సమ్మర్ లైట్నింగ్’ 1986లో వచ్చి తర్వాతి ఏడాది కామన్వెల్త్ రైటర్స్ ప్రైజ్ గెలుచుకుంది. అందులో ‘బ్రైట్ థర్స్‌డేస్’ తప్పకుండా చదవండి. ఒక పేద నల్లజాతి తల్లి తన కూతుర్ని, ఆ పిల్ల తండ్రి తాలూకు డబ్బున్న, రంగున్న కుటుంబానికి అప్పగిస్తుంది, పిల్ల బాగుపడాలని. ఇక్కడ తల్లి ప్రేమ అంటే బిడ్డని వదులుకోవడం. ఆ పెద్దింట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చోవాలంటే పిల్లకి వణుకు. తండ్రి ఒకసారి విదేశం నుంచి వస్తాడు, ఆ పిల్ల గురించి ఒక్క తిట్టు మాట విసురుతాడు, అది ఆమె చెవిన పడుతుంది. చివరికి బడి గేటు దగ్గరికి చేరేసరికి తనని తాను అనాథని చేసేసుకుంటుంది. ఈ కథ ముగింపు గురించి ఎక్కువ చెప్పను, మీరే చదవండి.

సీనియర్‌దే ‘ద టూ గ్రాండ్‌మదర్స్’ మీ ప్రాజెక్టుకి బంగారం లాంటిది, ఎందుకంటే ఇది ‘గర్ల్’కి సరిగ్గా తిరగేసిన రూపం. ఇందులో కూతురే మాట్లాడుతుంది, తల్లి కథంతా మౌనంగా వింటుంది. పల్లెలో ఉండే నల్లని, చర్చి, పెరడు తప్ప తెలియని ఒక మామ్మ, నగరంలో షోకులతో, మేకప్‌తో ఉండే ఇంకో మామ్మ, ఇద్దరి గురించీ పిల్ల అమ్మకి కబుర్లు చెబుతూ ఉంటుంది. కథ నడిచేకొద్దీ పిల్ల వయసు పెరుగుతుంది, జుట్టు గురించి, ఒంటి రంగు గురించి బెంగ మొదలవుతుంది, మొదట్లో ప్రాణం పెట్టిన పల్లె ముసలమ్మ ఇంటికి చివరికి ఒక్క పూట వెళ్లి వచ్చేస్తే చాలదా అంటుంది. తల్లి ఏమంటోందో మనకి వినబడదు. పిల్ల జవాబుల్ని బట్టి ఊహించుకోవాలి. ‘గర్ల్’లో కూతురి మౌనం, ఇక్కడ తల్లి మౌనం, ఈ రెండింటినీ ఎదురెదురు పెట్టి చూస్తే మీకు ఒక అధ్యాయం తయారు.

సీనియర్ గురించి మాట్లాడుతున్నాం కాబట్టి చిన్న పక్కదారి. ఆమె ‘అరైవల్ ఆఫ్ ద స్నేక్ ఉమన్’ (1989) కథలో జమైకా కొండపల్లెకి వచ్చేది ఒక భారతీయ స్త్రీ. 1845 నుంచి జమైకాకీ, ట్రినిడాడ్‌కీ, అంతకు ముందు 1838లోనే గయానాకీ మనవాళ్లని కూలి ఒప్పందాల మీద ఓడల్లో తీసుకెళ్లారు. ఎక్కువమంది కలకత్తా నుంచి, కొంతమంది మద్రాసు రేవు నుంచి. మద్రాసు ఓడల్లో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. భారతీయ సంతతి తల్లీకూతుళ్ల కథలు వేరే దారిలో నడుస్తాయి, అక్కడ పెళ్లి, కులం, పరువు మళ్లీ ప్రత్యక్షమవుతాయి. అది ఇంకో ప్రాజెక్టు, ఇందులో కలపకండి, రెండూ చెడతాయి.

హైతీ మాత్రం కలపాలి. ఎడ్విజ్ డాంటికా 1969లో పోర్టొప్రిన్స్‌లో పుట్టింది. ఆమె నాలుగేళ్లప్పుడు తల్లి న్యూయార్క్ వెళ్లిపోయింది, తండ్రి అంతకుముందే వెళ్లాడు, పన్నెండేళ్లు వచ్చేదాకా పెద్దమ్మా పెదనాన్నల దగ్గర పెరిగింది. 1995లో వచ్చిన ఆమె కథల పుస్తకం పేరు ‘క్రిక్? క్రాక్!’. హైతీలో కథ చెప్పేవాళ్లు ‘క్రిక్?’ అంటారు, వినేవాళ్లు ‘క్రాక్!’ అంటే తప్ప కథ మొదలుకాదు. మన దగ్గర కథ చెబుతుంటే పిల్లలు ఊ కొడతారు చూడండి, ఊ ఆగిపోతే చెప్పే మామ్మ కూడా ఆగిపోతుంది. వినేవాళ్లు పలికితేనే చెప్పేవాళ్లకి గొంతు. ఇది తెలిశాక ‘గర్ల్’ ఎందుకంత ఊపిరాడనట్టు ఉంటుందో కూడా అర్థమవుతుంది, అక్కడ ఊ కొట్టే చోటు కూడా లేదు.

ఈ పుస్తకంలో ‘నైన్టీన్ థర్టీ సెవెన్’ అనే కథ ఉంది. 1937 అక్టోబరులో పక్కదేశం డొమినికన్ రిపబ్లిక్ నియంత ట్రుహియో ఆజ్ఞతో సరిహద్దులో ఉన్న హైతీవాళ్లని వేలమందిని చంపారు. కొత్తిమీర లాంటి ఆకు ఒకటి చూపించి దాని పేరు స్పానిష్‌లో పలకమన్నారని, నాలుక సరిగ్గా తిరగనివాళ్లని నరికేశారని అందుకే దాన్ని పార్స్‌లీ ఊచకోత అంటారు. కథలో జోసెఫీన్ తల్లి ఆ రాత్రి నిండుకడుపుతో నది దాటింది, తన తల్లిని అవతలి ఒడ్డున చంపుతుంటే చూసింది, అదే రాత్రి జోసెఫీన్‌ని కన్నది. ఏళ్ల తర్వాత ఆ తల్లిని మంత్రగత్తె అని, రాత్రిళ్లు రెక్కలతో ఎగురుతుందని, ఒక పసిబిడ్డ చావుకి ఈమే కారణమని జైల్లో పెట్టారు. ఒంట్లో వేడి పుడితే రెక్కలు మొలుస్తాయని పడుకునేముందు ఖైదీల చేత ఒకరి మీద ఒకరికి చన్నీళ్లు పోయిస్తారు. జోసెఫీన్ ములాఖత్‌కి వస్తుంది, వాళ్ల మధ్య మాటలు చాలా తక్కువ. ఒక చిన్న మరియమ్మ బొమ్మ ఉంటుంది, దాని కంట్లోంచి నీళ్లు కారేలా చేసే కిటుకు తల్లికి తెలుసు. ఒకప్పుడు ఏటా ఆ నది ఒడ్డుకి తల్లి కూతుర్ని తీసుకెళ్లేది, అక్కడికి ఇంకా కొంతమంది ఆడవాళ్లు తెల్లబట్టల్లో వచ్చేవాళ్లు, అందరూ తమ తల్లుల్ని ఆ నదికి పోగొట్టుకున్న కూతుళ్లే. వాళ్లకి ఒక సంకేత భాష ఉంది, ఒకరు ప్రశ్న అడిగితే ఇంకొకరు దానికి తగిన జవాబు చెప్పాలి. జైల్లో నోరు పెగలని కూతురికి, తల్లి పోయే వేళకి, ఆ ప్రశ్నలూ జవాబులూ పనికొస్తాయి. నోటితో చెప్పలేనంత దుఃఖాన్ని తల్లి ఒక ఆటలాగా కూతురికి అప్పగించింది. ఇక్కడ తల్లి ప్రేమిస్తోందా అని మీకు అడగాలనిపించదు. ‘గర్ల్’లో తల్లి చేస్తున్నది కూడా అప్పగింతే అని నాకు ఈ కథ చదివాకే తట్టింది.

మరి అన్ని కథల్లో అమ్మలు కఠినంగా ఉంటారా అన్న మీ ప్రశ్నకి, ఉండరు. డాంటికాదే ‘న్యూయార్క్ డే ఉమెన్’ చదవండి, చిన్న కథే. మన్‌హాటన్‌లో ఆఫీసు ఉద్యోగం చేసే సుజెట్ మధ్యాహ్నం బయటికి వస్తే రోడ్డు మీద తన తల్లి నడుస్తూ కనబడుతుంది. బ్రూక్లిన్‌లో ఇంట్లోనే ఉంటుందనుకున్న అమ్మ! వెనకాలే నడుస్తుంది. సెంట్రల్ పార్కు దగ్గర ఒక యువతి తన బిడ్డని ఈ అమ్మకి అప్పగిస్తుంది, తల్లి వేరేవాళ్ల పిల్లల్ని పగలంతా చూసుకునే పని చేస్తోందని అప్పుడు తెలుస్తుంది. కథ మధ్యమధ్యలో అమ్మ మాటలు వస్తుంటాయి, ఇంట్లో ఎప్పుడూ అనే మాటలు, కూతురి తలలో మోగే మాటలు. బడిలో తల్లిదండ్రుల మీటింగుకి ఎందుకు రాలేదంటే, నా వల్ల నీకు సిగ్గు కలగకూడదని, సిగ్గు వంద ఉప్పు మూటలకన్నా బరువని అంటుంది ఆ తల్లి.

ఈ కథ చెప్పిన రోజు మా క్లాసులో ఒకమ్మాయి చివరిదాకా తలెత్తలేదు. క్లాసయ్యాక వచ్చి, మా అమ్మ తొమ్మిదేళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది మేడమ్, వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే ఆ ఇంటి పిల్ల వచ్చి అమ్మ ఒళ్లో కూర్చుంటుంది, అమ్మ నాతో మాట్లాడుతూనే దానికి జడ వేస్తుంది అంది. కడప వైపు, కోనసీమ వైపు అలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయని మీకు నేను చెప్పక్కర్లేదు. కరీబియన్‌లో ఇది తరాలుగా ఉంది. ఇంగ్లండుకి నర్సులుగా వెళ్లారు, 1955 నుంచి కెనడా ప్రత్యేకంగా ఇంటిపనికి ఆడవాళ్లని తీసుకునే పథకమే నడిపింది, న్యూయార్క్‌కి వెళ్లినవాళ్లకి లెక్కలేదు. పిల్లలు అమ్మమ్మల దగ్గర ఉండిపోయేవాళ్లు. అమ్మలు పీపాల్లో బట్టలు, సబ్బులు, డబ్బా తిండి పంపేవాళ్లు కాబట్టి జమైకాలో అలాంటి పిల్లల్ని బ్యారెల్ చిల్డ్రన్ అన్నారు. ఈ దూరం తెలియకుండా ఆ కథల్లో తల్లీకూతుళ్ల మధ్య ఉన్న మౌనాన్ని చదవలేం.

ఇక పనిలోకి దిగండి. పది కథలు పెట్టుకోకండి, నాలుగు చాలు: ‘గర్ల్’, ‘ద సర్క్లింగ్ హ్యాండ్’, ‘ద టూ గ్రాండ్‌మదర్స్’, ‘న్యూయార్క్ డే ఉమెన్’. ఓపిక ఉంటే హైతీ కథ ఐదోది. ప్రతి కథనీ ఒకసారి పైకి చదవండి, ఇంట్లో ఎవరైనా ఉంటే తల్లి మాటలు వాళ్లు, కూతురి మాటలు మీరు పంచుకుని చదవండి, గొంతు ఎవరిది ఎక్కడ తెగిపోతోందో చెవికి తెలుస్తుంది. జమైకా కథల్లో పల్లె మనుషుల మాట క్రియోల్‌లో, అంటే ఇంగ్లీషూ ఆఫ్రికా భాషలూ కలిసి పుట్టిన అక్కడి వాడుక భాషలో ఉంటుంది, మొదట తికమకగా ఉంటుంది, బడి ఇంగ్లీషు వేరు అమ్మ మాట వేరు అన్న సంగతి కూడా కథలో భాగమే కాబట్టి దాన్ని మామూలు ఇంగ్లీషులోకి మార్చుకుని చదవకండి.

మొదలుపెట్టడం మాత్రం ‘న్యూయార్క్ డే ఉమెన్’తో మొదలుపెట్టండి. సుజెట్ అమ్మ వెనకాల వీధులు వీధులు నడుస్తుంది, అంత దగ్గరగా ఉండి కూడా ఎదురెళ్లి అమ్మా అని పిలవదు. ఎందుకు పిలవలేదో ఒక పేజీ మీ సొంత మాటల్లో రాయండి, ఎవరి విమర్శా చూడకుండా. ఆ పేజీ రాశాక ‘గర్ల్’ మళ్లీ తెరవండి, రొట్టె ముట్టుకోనివ్వకపోతే అని అడిగిన పిల్ల గొంతు ఈసారి మీకు ఎలా వినబడిందో నాకు రాయండి.